రెండు పళ్ల తేడా

నా భార్య చనిపోయింది. వానలు మొదలైన వారంలో, ఒక పొద్దున, గచ్చిబౌలి వైపు ఉన్న ఒక ఆసుపత్రిలో. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. ముందురోజు సాయంత్రం వరకు ఆఫీసులో ఉంది. డాక్టరుగారు చెప్పిందంతా విన్నాను. ఏవో ప్రశ్నలు అడిగాను. చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. తర్వాత కిందికి దిగి క్యాంటీన్‌లో కాఫీ తాగాను. కాఫీ బాగుంది. ఆ పొద్దుటి సంగతుల్లో నాకు స్పష్టంగా గుర్తున్నది అదొక్కటే.

వచ్చినవాళ్లందరూ ఎలా జరిగిందని అడిగారు. అందరికీ ఒకే వరసలో చెప్పాను. చెప్పగా చెప్పగా ఆ వాక్యాలు ఆఫీసులో సోమవారం చదివే స్టేటస్ రిపోర్టులా తయారయ్యాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఎదుటివాళ్లు తల ఊపుతారో తెలిసిపోయింది. ఏడుపు రాలేదు. రాలేదే అని కూడా పెద్దగా అనిపించలేదు.

వేరే ప్రశ్న అడిగింది ఒక్క మనిషి. మా కారు మెకానిక్. కర్మలు అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయాక ఫోన్ చేశాడు.

"సార్, బండి నా తాననే ఉన్నది. అక్క క్లచ్ కేబుల్ మార్చమని ఇడిసిపెట్టి పోయింది గదా. అది అయిపోయింది."

"వచ్చి తీసుకెళ్తానండి."

"తొందరేం లేదు సార్. ఇంకొకటి అడగాలె. అక్క ఒక చిన్న ప్లాస్టిక్ గేరు గూడ ఇచ్చింది, మీటరుకు పోయేది. పాతది తీసి ఇది వెయ్యమన్నది. నేను వేసేలోపలనే ఆ కబురొచ్చింది. ఇగ వెయ్యాల్నా, వద్దా? మీరు జెప్పుండ్రి."

చెప్తానన్నాను. చాలా రోజులు చెప్పలేదు.

బొటనవేలంత చక్రం అది. గేర్‌బాక్స్ పక్కన ఒక బోల్టు విప్పితే పాతది బయటికొస్తుంది, కొత్తది లోపలికి పోతుంది. వేస్తే కారు మీటరు సరిగ్గా చూపిస్తుంది. ఇన్నాళ్లూ తప్పు చూపిస్తోంది. ఆ తప్పు ఆమె చేతి తప్పు. దాన్ని దిద్దించాలా, ఉంచుకోవాలా అన్నది నాకు తేలలేదు. అదేమంత విషయం అనిపించవచ్చు. ఎందుకు తేలలేదో చెప్పాలంటే ఆ గేర్‌బాక్స్ సంగతి మొదటినుంచి చెప్పాలి.

ఆమెది కడప. మాది భీమవరం వైపు. లింగంపల్లి నుంచి హైటెక్ సిటీ వెళ్లే ఎంఎంటీఎస్ రైల్లో పరిచయం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. వేరేవాళ్లు చేసిన పనిలో తప్పులు, మా భాషలో బగ్గులు, వెతకడం నా ఉద్యోగం. ఆమె మెకానికల్ ఇంజినీరు. మాదాపూర్‌లో ఒక డిజైన్ కంపెనీలో, ఎక్కడో విదేశాల్లో తయారయ్యే కార్లకు గేర్‌బాక్సులు గీసేది. కంప్యూటర్ తెర మీద. మాకు పిల్లలు లేరు. చెప్పకపోతే చదివేవాళ్లు వాళ్లకోసం చూస్తారని చెబుతున్నాను.

నలుగురిలో నన్ను మీరు అనేది. ఇంట్లో నువ్వు. కోపం వస్తే ఇంట్లో కూడా మీరు.

కారు ఆమెది. పెళ్లికి ముందే కొనుక్కుంది. బూడిదరంగు చిన్న కారు. తనే నడిపేది. నాకు లైసెన్సు ఉంది కానీ పక్క సీటే అలవాటు. "నువ్వు నడిపితే ఎనకున్నోళ్లు దిగి నడిచి పోతారు" అనేది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు న్యూట్రల్‌లో వేసి, గేర్ రాడ్ మీద అరచెయ్యి ఆనించి ఉంచేది. పట్టుకునేది కాదు. ఒకసారి నాకు నేర్పబోయింది.

"పిడికిలి బిగించగాకు. చెయ్యి ఊరికే ఆనించు. లోపల ఏం జరుగుతుండాదో అదే చెప్తుంది."

ఆనించాను. నాకేమీ చెప్పలేదు. ఆ మాటే అన్నాను.

"నీకు బగ్ అని రాసి పంపితే గానీ అర్థం కాదులే" అంది.

కొన్నేళ్ల కిందట రెండో గేరు వేసినప్పుడల్లా కరకరమని శబ్దం రావడం మొదలైంది. తర్వాత ఒక సాయంత్రం కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా మూడో గేరు దానంతటదే ఊడి న్యూట్రల్‌లోకి వచ్చేసింది. వెనక బస్సు. ఆమె రెండో గేరులోకి దింపి, ఆ కరకరతోనే పైదాకా తీసుకెళ్లింది. చెమట పట్టింది నాకు. తను మాత్రం చెవి ఒగ్గి వింటోంది.

సర్వీస్ సెంటర్‌లో కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. గేర్‌బాక్స్ మొత్తం మార్చాలట. ఇంత పాత కారుకు అది దండగట. అమ్మేయడం మంచిదట.

"లోపల ఏం పోయిందో చూసినారా?" అని అడిగింది.

"ఓపెన్ చేయం మేడం. బాక్సుకు బాక్సు మార్చేస్తాం."

ఇంటికి బయలుదేరాం. యూనివర్సిటీ ప్రహరీ పక్కన వస్తుండగా అంది. "ఇన్నేళ్లుగా గీస్తాండా. ఒక్కటంటే ఒక్కటి చేత్తో విప్పలేదబ్బా నేను."

అలా మొదలైంది.

లింగంపల్లి స్టేషన్ వెనక సందులో ఈ మెకానిక్ షెడ్డు. కారు అక్కడికి తీసుకెళ్లి, గేర్‌బాక్స్ దింపడానికి సాయం కావాలి, మిగతా పని నేనే చేసుకుంటాను, శని ఆదివారాలు ఒక మూల చోటిస్తే చాలు అంది. అతను ఆమెను చూశాడు. నన్ను చూశాడు.

"సార్, మరి మీరేం జేస్తరు?"

"నేను చూస్తానండి."

"ఏం చూస్తరు?"

"పని చేస్తుందో లేదో."

"గీ పనేదో బాగున్నది" అని నవ్వాడు. "సరే మేడం, మూల తీసుకోండ్రి. గని నా పానాలు ఇంటికి పట్టుకపోవద్దు. పానా పోతే నాకు అన్నం సయించదు."

విప్పితే తెలిసింది. మూడో గేరు పళ్లు విరిగాయి. గేరు మారేటప్పుడు రెండు చక్రాల వేగాన్ని కలిపే ఇత్తడి రింగులు అరిగి కాగితంలా అయ్యాయి. బేరింగులు పోయాయి. పైపెట్టె మాత్రం గట్టిగా ఉంది. ఆ మోడల్‌కు విడి భాగాలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. కానీ అదే కంపెనీ చేసిన ఒక పెద్ద కారులో ఇదే తరహా గేర్‌బాక్స్ వాడారని ఆమెకు తెలుసు. మూసీ అవతల పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాం. ఒకచోట దొరికింది. యాక్సిడెంట్ అయిన బండిది. పెట్టె పగిలిపోయింది. ఆ పగులులోంచి వేలు పెట్టి లోపలి షాఫ్ట్ తిప్పి చూసింది. గేర్లు చప్పుడు లేకుండా తిరిగాయి. అప్పుడు ఆమె ముఖం చూశాను. మా పెళ్లి ఫొటోల్లో ఎక్కడా ఆ ముఖం లేదు.

ఆలోచన తేలికే. మా పెట్టె బాగుంది, పగిలినదాని లోపలివి బాగున్నాయి. దానిలోవి తీసి దీనిలో పెట్టడం. రెండింటినీ విప్పి భాగాలన్నీ ఇంటికి తెచ్చింది. కిరసనాయిలు వాసనకు కిటికీలన్నీ తీసి ఉంచేవాళ్లం. ఏది ఏ వరసలో వచ్చిందో తప్పిపోకుండా ఇడ్లీ రేకుల్లో పెట్టింది. ఒక్కో గుంటలో ఒక్కో గేరుకు సంబంధించిన స్ప్రింగులు, గుండ్లు, రింగులు. పై రేకు మాది, కింది రేకు దానిది. ఇడ్లీలు మానేసి ఉప్మా తిన్నాం.

ఆ రోజుల్లోనే మా అత్తగారు కడప నుంచి వచ్చారు. పొద్దున వంటింట్లోకి వెళ్లి ఇడ్లీ కుక్కర్ మూత తీశారు.

"ఏమ్మే పాపా, ఇది కాపరమా, షెడ్డా?"

"ముట్టుకోగాకు మా. వరస తప్పుతుంది."

"వరస నీకెప్పుడో తప్పింది. ఏం నాయనా, నువ్వైనా చెప్పవా?" అని నా వైపు తిరిగారు.

"నేను చూడ్డం వరకేనండి అత్తయ్యగారూ."

"సరిపోయింది. ఇద్దరికిద్దరు" అన్నారు. కానీ మధ్యాహ్నానికి ఆవిడే పాత చీర చింపి, తల్లీకూతుళ్లు నేలమీద కూర్చుని గేర్లు తుడిచారు. ఒక్కో పన్ను సందులో గుడ్డ దూర్చి మరీ తుడిచారు ఆవిడ. కర్మలకు వచ్చినప్పుడు కూడా వంటింట్లోకి వెళ్లి ఆ రేకుల వైపు చూశారు. 

ఆమె పని పద్ధతి ఒకటి ఉంది. దేన్నీ ముందు చేత్తో కలిపేది కాదు. రెండు గేర్‌బాక్సుల భాగాలన్నీ కొలిచి, ల్యాప్‌టాప్‌లో గీసి, అక్కడ కలిపి చూసుకుంది. తెర మీద అన్నీ చక్కగా కూర్చున్నాయి. ఒక షాఫ్ట్‌ను ఫ్రిజ్‌లో బఠానీల పక్కన పెట్టి, బేరింగ్‌ను వేడి నూనెలో ఉంచి, రెండూ తీసి ఒకదాంట్లో ఒకటి తొడిగితే పూరీ జారినట్టు జారింది. ఎంత సంబరపడిందో. "చూసినావా! చూసినావా!" అని నన్ను మోచేత్తో పొడిచింది. షర్టుకు అయిన నూనె మరక పోలేదు.

షెడ్డులో పెట్టె మూసి, కారుకు బిగించి, ముగ్గురం ఎక్కాం. మొదటి గేరు బాగుంది. రెండోది బాగుంది. మూడో గేరులోకి రాగానే కూత మొదలైంది. సన్నగా కాదు. రోడ్డు మీద వాళ్లు పక్కకు జరిగారు.

"అక్కా, ఇది గేర్‌బాక్సా, అంబులెన్సా?" అన్నాడు మెకానిక్ వెనక సీటులోంచి.

వెనక్కి తిప్పింది. షెడ్డులో పాత టైరు మీద కూర్చుంది. నేను టీ తెచ్చిచ్చాను. సగం తాగి, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది.

"షిమ్ములు! షిమ్ములు వెయ్యలేదు నేను!"

షిమ్ము అంటే పలుచని ఉక్కు వాషరు. షాఫ్ట్ చివర, పెట్టెకూ బేరింగుకూ మధ్య మిగిలే సందును నింపేది. రెండు వేర్వేరు గేర్‌బాక్సుల భాగాలు కలిపినప్పుడు ఆ సందు మళ్లీ కొలవాలి. సరిపోయే మందంలో షిమ్ము వెయ్యాలి. లేకపోతే షాఫ్ట్ అటూ ఇటూ జరిగి గేర్లు అరుస్తాయి. ఇది ఆమెకు తెలియనిది కాదు. కానీ వాళ్ల ఆఫీసులో గేర్లు, షాఫ్టులు ఈమె టీంవి. షిమ్ములు వేరే ఊళ్లో ఉన్న ఇంకో టీంవి. ఈమె గీసే ప్రతి బొమ్మలోనూ అక్కడ కాస్త ఖాళీ వదిలి, మిగతా పని వేరేవాళ్లది అని గుర్తు పెట్టడం అలవాటు. మూసీ అవతలి నుంచి తెచ్చిన ఇనుములో కూడా ఆ ఖాళీ అలాగే వదిలేసింది.

"ఇన్నేళ్లూ అది నా స్కోప్ కాదు కదా. చెయ్యి దానంతటదే వదిలేసింది."

"స్కోప్ అంటే ఏందక్కా?" అన్నాడు మెకానిక్.

"ఎవరి పని ఎంతవరకో గీసుకునే గీత."

"మా తాన గసుంటి గీతలుండవ్. బోల్టు ఎవని కాలు మీద పడితే వాడే తియ్యాలె."

"అందుకే నీ షెడ్డులో బోల్టులన్నీ కిందనే ఉండాయి."

అతను కింద చూసుకుని, "నేను గూడ అడగలె గదక్కా. ఇంజినీరమ్మ గదా, ఏసే ఉంటదనుకున్న" అన్నాడు. ఇద్దరూ మళ్లీ నవ్వారు. నాకు అప్పటికి అందులో నవ్వడానికేముందో పూర్తిగా తెలియలేదు. ఇప్పుడు ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఆ టైరు మీద కూర్చున్న మనిషి గుర్తొస్తుంది. పని పాడైందని తెలిసిన నిమిషంలో అంత నవ్వినవాళ్లను నేను వేరే చూడలేదు.

మళ్లీ దింపారు. మళ్లీ విప్పారు. ఈసారి సందులు కొలిచింది. మెకానిక్ ఎవరిదగ్గరో అడిగి రకరకాల మందాల షిమ్ములు తెచ్చాడు. వేళ్ల మధ్య ఒక్కోదాన్నీ వెలుతురుకు పట్టి చూసేది. బిగించి బయటికి తీస్తే మూడో గేరులో ఏ చప్పుడూ లేదు. లింగంపల్లి నుంచి గోపన్‌పల్లి వరకు ఆమె చెవి ఒగ్గి వింటూనే నడిపింది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద రెండు చేతులూ ఉంచి, "అయిపాయ" అంది.

ఆ మరుసటి రోజు నుంచి నా పని. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని పక్క సీటులో కూర్చున్నాను. ఫోన్ యాభై చూపిస్తే కారు మీటరు యాభై అయిదు చూపిస్తోంది. రెండు మూడు రోడ్ల మీద చూశాను. అదే తేడా.

"ఒక బగ్ దొరికింది" అన్నాను.

ఆమె బానెట్ ఎత్తి, ఆ చిన్న చక్రం బయటికి తీసి, చూపుడువేలి గోటితో పళ్లు లెక్కపెట్టింది. పెద్ద కారు నుంచి తీసిన చక్రం. ఆ కారు టైర్లు పెద్దవి. అందుకని దీనికి రెండు పళ్లు తక్కువ. మా కారులో ఇది కాస్త ఎక్కువ వేగంగా తిరుగుతుంది. మీటరు ఎక్కువ చూపిస్తుంది. మా పాత చక్రం అరిగిపోయిందని, చూడటానికి ఒకేలా ఉందని దీన్ని వేసేసింది.

"మీటర్లు కూడా మీ టీంవి కావా?" అన్నాను.

"కావు. సివియారిటీ ఎంత?"

"తక్కువే. ఎవరికీ దెబ్బ తగలదు."

"అయితే తర్వాతి రిలీజ్‌లో చూద్దాం." చక్రాన్ని మళ్లీ లోపల పెట్టి బోల్టు బిగించింది. "ఒకవిధంగా మంచిదే. ఎప్పుడైనా నువ్వు నడిపితే యాభై అయిదు చూసి భయపడి నిదానంగా పోతావు."

తర్వాతి రిలీజ్ అంటే వాయిదా. ఆ మాట మా ఇంట్లో చాలావాటికి వాడేవాళ్లం. బాల్కనీ తలుపు శబ్దం. అరకు ప్రయాణం. మొన్న వేసవిలో ఆమెకు వచ్చిన తలనొప్పి కూడా. ఆఫీసు ఏసీ వల్ల అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

సాయంత్రం కొత్తగూడ దగ్గర, ఫ్లైఓవర్ కింద పళ్లబండి పక్కన నన్ను ఎక్కించుకునేది. నేను తలుపు వేయగానే ట్రిప్ మీటరు సున్నా చేసేది. అదొక అలవాటు. అంతకుముందు అక్కడినుంచి మా గేటుకు మీటరులో పది కిలోమీటర్లు వచ్చేది. చక్రం మారాక పదకొండు వచ్చింది. గేటు దగ్గర ఆగి మీటరు చూపించింది.

"చూడబ్బా, ఇల్లు ఒక కిలోమీటరు దూరం జరిగింది."

"నీ వల్లే."

"ఊరికే వచ్చిన కిలోమీటరు. ఏం చేసుకుందాం?"

"డిఫెక్ట్ అని రాసుకుందాం."

"గమ్మునుండు. పది దాటినాక కారులో ఆఫీసు మాట ఎత్తకూడదు. ఎవరు ఎత్తితే వాళ్లు అంట్లు తోమాల."

అప్పటినుంచి అదే నియమం. కొత్తగూడ నుంచి ఇద్దరం ఎవరి మేనేజర్‌ను వాళ్లు తిట్టుకుంటూ వచ్చేవాళ్లం. మీటరులో తొమ్మిది పోయి పది రాగానే ఆమె వేలెత్తేది. వాక్యం మధ్యలో ఉన్నా ఆపేయాలి. తర్వాత వంకాయలు వాడిపోతున్నాయనో, పైఇంటివాళ్ల అబ్బాయికి కీబోర్డు ఎప్పటికి వస్తుందనో, అమ్మకు మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయనో. ఆ కిలోమీటరులో ఏం మాట్లాడుకున్నామో నాకు ఇప్పుడు పెద్దగా గుర్తు లేదు. గుర్తుంచుకునేంత మాటలు కావు. ట్రాఫిక్ ఉంటే కాస్త ఎక్కువసేపు. అంట్లు ఎక్కువసార్లు నేనే తోమాను.

ఈ మధ్య కారు రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడింది. పొడిగించాలంటే తనిఖీకి తీసుకెళ్లాలి. సరిపోయే పళ్లున్న కొత్త చక్రం ఎక్కడినుంచో తెప్పించింది. భోజనం దగ్గర చూపించింది. తెల్లగా, బొమ్మలా ఉంది.

"తనిఖీలో మీటరు తప్పుంటే ఒప్పుకోరు. ఇది వేపిస్తా" అంది.

"మరి మన కిలోమీటరు?"

"రోంత ఆగు. తనిఖీ అయిపోతానే పాతది మళ్లీ ఏస్తా. ఒక బోల్టే కదా."

ఆ వారమే కారు షెడ్డులో ఇచ్చింది. ఆ తర్వాతి సంగతి మొదట్లోనే చెప్పాను.

మెకానిక్ అడిగిన ప్రశ్నను చాలా రోజులు పక్కన పెట్టాను. వేస్తే ఆ కిలోమీటరు పోతుంది, పాతది మళ్లీ వేస్తానన్న మనిషి లేదు. వేయకపోతే గడువు దాటి కారే పోతుంది. చివరికి నా ఉద్యోగపు పద్ధతిలోనే ఆలోచించాను. కట్టినవాళ్లు ఏం మార్చమన్నారో అది మార్చాలి. సరిగ్గా ఉందో లేదో చూడటం వరకే టెస్టర్ పని. వెయ్యమని ఆమె చెప్పింది. ఫోన్ చేసి వెయ్యండి అన్నాను.

"మీరు రండి సార్, మీ ముంగటనే వేస్త" అన్నాడు.

వెళ్లేసరికి బానెట్ ఎత్తి ఉంది. అతను పానా నా చేతికిచ్చాడు. "ఒక్క బోల్టే. మీరే విప్పుండ్రి." విప్పాను. పానా పట్టడం నాకు అదే మొదటిసారి. ఎటు తిప్పాలో అతనే చెప్పాడు. పాత చక్రం నూనెలో నల్లబడి ఉంది. రెండింటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూశాను. రంగు తప్ప తేడా కనిపించలేదు. పళ్లు లెక్కపెడితేనే తెలుస్తుంది. కొత్తది పెట్టి బిగించాను. అతను ఇంకో చుట్టు బిగించాడు.

"పాతది పారెయ్యాల్నా సార్?"

"వద్దండి. తీసుకెళ్తాను."

"గదే అనుకున్న. అక్క గూడ జెప్పింది, జాగ్రత్తగ పెట్టు, తనిఖీ అయినంక మళ్ల అదే వెయ్యాలె అని. మంచిది తీసి తప్పుది ఎందుకేస్తరక్కా అని అడిగిన." బానెట్ దించాడు. "నీ స్కోప్ కాదులే అన్నది."

నేను చక్రాన్ని జేబులో వేసుకున్నాను. అతను అవతలికి తిరిగి చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

తనిఖీ అయిపోయింది. ఏ అభ్యంతరమూ చెప్పలేదు. ఇంకా నా పని ఒకటి మిగిలింది. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి కారులో కొత్తగూడ వచ్చి, ఫ్లైఓవర్ కింద పళ్లబండి పక్కన ఆపాను. పళ్లు అమ్మే ఆవిడ కారును చూసి చెయ్యి ఊపి, లోపల నన్ను చూసి చెయ్యి దించేసింది. ట్రిప్ మీటరు సున్నా చేశాను. ఫోన్ డాష్‌బోర్డు మీద పెట్టాను. గచ్చిబౌలి దాటాక రోడ్డు కాస్త ఖాళీగా దొరికింది. ఫోన్‌లో యాభై. మీటరులో యాభై. వెనకవాళ్లు హారన్లు కొట్టారు కానీ దిగి నడిచిపోలేదు. గేర్లు ఒక్కోటీ మార్చి చూశాను. రెండోది మెత్తగా పడింది. మూడోదాంట్లో చప్పుడు లేదు.

యూనివర్సిటీ ప్రహరీ అయిపోయింది. గోపన్‌పల్లిలో మా వీధి మలుపు వచ్చింది. తొమ్మిది అంకె పైకి జరిగి, పది సగం కనబడుతోంది. ఎదురుగా మా గేటు. మీటరు సరిగ్గా ఉంది.

వాచ్‌మన్ ఆ కారును దూరం నుంచే గుర్తుపడతాడు. గేటు తెరిచాడు. నేను తిరగలేదు. నేరుగా ముందుకు పోయాను. కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లు, సిమెంటు లారీలు, వాటి వెనక దుమ్ము. పదకొండు వచ్చాక రోడ్డు పక్కకు తీసి ఆపాను. న్యూట్రల్‌లో వేసి, గేర్ రాడ్ మీద అరచెయ్యి ఆనించాను. రాడ్ సన్నగా వణుకుతోంది. కాసేపు అలాగే ఉంచాను. పది దాటాక కారులో ఆఫీసు మాట ఎవరూ ఎత్తలేదు.

తిరిగి వచ్చేసరికి వాచ్‌మన్ గేటు రెండు రెక్కలూ తెరిచి, ఒక రెక్కను చేత్తో పట్టుకుని, కారు వెళ్లిన వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు.